రేపు ఇస్తానక్కా: ఒక టైలరు హిప్నోథెరపీకి వెళ్ళిన సంగతి

టైలర్ల మీద ఉన్న జోకులన్నీ నాకు తెలుసు. టైలరు చెప్పిన తేదీకి వారం కలుపుకుని పెళ్ళి ముహూర్తం పెట్టుకోవాలని నా ముఖం మీదే అన్నవాళ్ళు మా పాతూరులో ఉన్నారు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వేదాన్ని. అనంతపురంలో మా ఇంటి ముందు గదే నా షాపు. రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, గోడకు హ్యాంగర్లు, ఒక బిల్లు బుక్కు. ఆ బుక్కులో డెలివరీ అన్న గడిలో రాసిన తేదీ ఒకటి, బట్టలు ఇచ్చిన తేదీ ఇంకొకటి.

కానీ నేను అన్ని పనులూ వాయిదా వేసే రకం కాదు. ఫాల్, పీకో పొద్దున ఇస్తే సాయంత్రానికి రెడీ. నైటీలు, పిల్లల గౌన్లు, కాటన్ జాకెట్లు, పాతవి లూజు చేయడం, ఇవేవీ నా దగ్గర ఆగవు. ఆగేవి పట్టు జాకెట్లు. అందులోనూ ధర్మవరం పట్టుచీరల జాకెట్లు. కుట్టేవాళ్ళకు కారణం తెలుసు. చీరలోంచి వచ్చే ముక్క సుమారు 80 సెంటీమీటర్లు ఉంటుంది. ముందు భాగం, వీపు, చేతులు, చేతులకు అంచు, నడుం పట్టీ అన్నీ అందులోంచే రావాలి. చంక దగ్గర కొంచెం లోపలికి పోతే మళ్ళీ పైకి తేలేం. తిలక్ రోడ్డు మొత్తం తిరిగినా అదే రంగు, అదే నేత మ్యాచింగ్ దొరకదు. పైగా ఆ చీర ఎవరో ఒకామె కూతురి పెళ్ళికని ముచ్చటపడి కొన్నది అయి ఉంటుంది.

లైనింగ్ గుడ్డ తడిపి ఆరేసి ఇస్త్రీ చేసి పెట్టుకుంటాను. ఆది జాకెట్టు కొలతలు పుస్తకంలో రాసుకుంటాను. ముక్కను బల్ల మీద పరిచి, అంచు ఏ వైపు వస్తుందో చూసుకుంటాను. సరిగ్గా అప్పుడే, డబ్బాలో కొక్కేలు, గుండీలు కలిసిపోయాయని గుర్తొస్తుంది. వాటిని వేరు చేస్తూ కూర్చుంటాను. తర్వాత దారం రీళ్ళు రంగుల వారీగా సర్దుతాను. మిషన్‌కు నూనె వేస్తాను. ఈలోగా ఎవరో ఫాల్ కోసం వస్తారు. ముక్క మడిచి మళ్ళీ కవర్లో పెట్టేస్తాను. "రేప్పొద్దున్నే ఫ్రెష్‌గా కట్ చేస్తా" అనుకుంటాను. అలా అనుకున్న ఆ నిమిషంలో వచ్చే హాయి ఉంది చూడండి, అదే అసలు జబ్బు. అది నాకు చాలా తర్వాత తెలిసింది.

చూసేవాళ్ళకు ఇది బద్ధకం. బద్ధకమైతే మంచమెక్కి పడుకోవాలి కదా. నేను రాత్రి పదకొండింటి దాకా మిషన్ మీదే ఉండేదాన్ని, ఆ ఒక్క పని తప్ప అన్నీ చేస్తూ. ఆ పని మాత్రం చివరి రాత్రి, ఫోను మీద ఫోను వస్తుండగా, కళ్ళు మండుతుండగా చేసేదాన్ని. విచిత్రం ఏంటంటే ఆ జాకెట్లు బాగానే కుదిరేవి. కుదిరాయి కాబట్టి "నాకు టెన్షన్ ఉంటేనే చెయ్యి తిరుగుతుంది" అని ఒక సమర్థింపు కూడా దొరికింది.

నాకు పని నేర్పిన మాస్టర్ ఒక మాట అనేవాడు: "కత్తెర పెట్టినాంక బ్రహ్మదేవుడు గూడా అతికించల్యాడు మ్మా." నేర్చుకునే పిల్లలకు అవసరమైన మాటే. ఇన్నేళ్ళ తర్వాత కూడా కత్తెర పట్టుకున్న ప్రతిసారీ ఆ గొంతు వినిపించడం మాత్రం అవసరం లేదు.

ఒక పెళ్ళి సీజన్‌లో, చాలా ఏళ్ళుగా నా దగ్గరే కుట్టించుకునే ఒకావిడ వచ్చి, కవర్లో అలాగే ఉన్న తన ముక్కను అడిగి తీసుకుపోయింది. కోప్పడలేదు. "నీకు పని ఎక్కువైంది లేమ్మా, బొటిక్‌లో ఇస్తా" అంది. అరిచి ఉంటే నేనూ ఏదో ఒకటి చెప్పి సర్దుకునేదాన్ని. ఆ రోజంతా మిషన్ తొక్కబుద్ధి కాలేదు.

హిప్నోథెరపీ అనే మాట నాకు చెప్పింది కూడా ఒక కస్టమరే. సాయినగర్‌లో ఒక క్లినిక్‌లో నర్సు. తన జాకెట్టు కోసం వచ్చి, అది ఇంకా కాలేదని తెలిసి, నన్ను కాసేపు చూసి, "అక్కా, నీది బద్ధకం కాదు, భయం. మా సార్ దగ్గరికి ఒకసారి రా, ఆయన రిలాక్స్ చేసి హిప్నాసిస్ ఇస్తాడు" అంది. ఇంట్లో చెబితే మా ఆయన ముందు నవ్వాడు, తర్వాత భయపడ్డాడు. "హిప్నాటిజమా? నిన్ను నిద్రబుచ్చి బీరువా తాళాలు యాడున్నాయని అడుగుతారేమో చూస్కో!" మా అత్తమ్మ అయితే దాన్ని బస్టాండు గోడల మీద కనిపించే వశీకరణం పోస్టర్ల లెక్కలో వేసింది. వాళ్ళను తప్పు పట్టలేను. మా తరం తెలుగువాళ్ళకు హిప్నాటిజం అంటే పట్టాభిరామ్ గారి లాంటివాళ్ళ స్టేజీ ప్రదర్శనలే గుర్తొస్తాయి. చప్పట్ల మధ్య ఎవరో నిద్రలోకి జారడం, చెప్పినట్టల్లా చేయడం. క్లినిక్‌లో ఆ సైకాలజిస్టు చెప్పాకే అర్థమైంది. స్టేజీ మీద ప్రదర్శించేవాళ్ళు ముందు చిన్న చిన్న పరీక్షలు పెట్టి, ఇట్టే లోనయ్యేవాళ్ళను ఏరుకుంటారట. క్లినిక్‌లో ఏరుకోవడం ఉండదు, వచ్చినవాళ్ళతోనే పని.

మొదటి రోజు హిప్నాసిస్ ఊసే లేదు. నాకు కొంచెం నిరాశగా అనిపించింది కూడా. నిద్ర ఎలా పడుతోంది, ఆకలి ఎలా ఉంది, ఏ పనీ చేయబుద్ధి కాకుండా రోజులు గడుస్తున్నాయా, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా, ఇలా చాలా అడిగాడు. థైరాయిడ్ పరీక్ష చేయించుకుని రమ్మన్నాడు. డిప్రెషన్ ఉన్నా, థైరాయిడ్ తేడా ఉన్నా, పెద్దవాళ్ళలో ఏడీహెచ్‌డీ, అంటే దేని మీదా ధ్యాస నిలవని సమస్య, ఉన్నా పనులు ఇలాగే వాయిదా పడతాయని, అప్పుడు దారి వేరని చెప్పాడు. నాకు అవేవీ లేవని తేలింది. అప్పుడు ఏ పని ఆగుతోంది, ఏది ఆగడం లేదు అని విడివిడిగా రాయించాడు. నేను రాసిన కాగితం చూసి, "మీరు పనిని తప్పించుకోవట్లేదమ్మా, ఆ పని ముందర వచ్చే గుండెదడను తప్పించుకుంటున్నారు" అన్నాడు. మడిచి కవర్లో పెట్టగానే దడ తగ్గుతుంది. తగ్గింది కాబట్టి రేపు కూడా మనసు అదే చేయమంటుంది. కెనడాలో తిమోతి పిచిల్ అనే ఆయన, ఆయనతో కలిసి ఫ్యూషియా సిరోయిస్ అనే ఆమె ఈ వాయిదా అలవాటు మీదే ఏళ్ళ తరబడి పరిశోధన చేసి ఇదే చెప్పారట. ఇది టైము సర్దుకోవడం రాకపోవడం కాదు, ఆ క్షణంలో మనసుకు ఊరట కోసం చేసే పని అని. కార్ల్టన్ విశ్వవిద్యాలయం విద్యార్థుల మీద 2010లో వచ్చిన ఒక అధ్యయనం గురించీ చెప్పాడు. మొదటి పరీక్షకు చదవడం వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్నవాళ్ళు తర్వాతి పరీక్షకు తక్కువ వాయిదా వేశారట. నన్ను నేను తిట్టుకోవడమే మందు అనుకుంటున్న నాకు ఇది మింగుడు పడలేదు. మా ఇంట్లో తిట్టకుండా ఎవరూ ఏదీ నేర్చుకోలేదు మరి.

రెండోసారి వెళ్ళినప్పుడు కుర్చీలో వెనక్కి వాలి కూర్చోబెట్టాడు. కళ్ళు మూసుకుని, పచ్చి చింతకాయను ఉప్పు కారంలో అద్ది కొరుకుతున్నట్టు ఊహించమన్నాడు. నోట్లో నీళ్ళూరాయి. "చింతకాయ లేదు కదా, మరి నీళ్ళెందుకు?" అన్నాడు. హిప్నాసిస్‌లో పాఠం అంతా ఇదేనట. గాఢంగా ఊహించుకున్నదానికి ఒళ్ళు నిజం లాగే స్పందిస్తుంది. నేను ఇన్నేళ్ళూ చెడిపోయిన జాకెట్టును ఊహించుకుని ఒళ్ళు బిగబట్టుకున్నాను. ఇప్పుడు అదే శక్తిని ఇంకో వైపు తిప్పాలి.

తర్వాత పైన గోడ మీద ఒక చుక్కను రెప్ప వేయకుండా చూడమన్నాడు. రెప్పలు బరువెక్కాక కళ్ళు మూసుకోమన్నాడు. కాళ్ళ నుంచి తల దాకా ఒక్కో భాగాన్ని వదులు చేయించాడు. మెట్లు దిగుతున్నట్టు ఊహించుకోమంటే మాత్రం నాకు కుదరలేదు. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషికి మెట్లలో హాయి ఎక్కడిది? ఆ మాటే చెప్పేశాను. ఆయన నవ్వి, మీ పాత తొక్కుడు మిషన్ ఊహించుకోండి, చక్రం మెల్లగా తిరుగుతోంది, కాలు తీసేశారు, ఇంకా మెల్లగా, ఇంకా మెల్లగా అన్నాడు. అది పట్టుకుంది. ఆ చప్పుడు నాకు చిన్నప్పటి నుంచి తెలిసింది కదా.

నేను నిద్రపోలేదు. బయట ఆటోల హారన్లు వినిపిస్తూనే ఉన్నాయి, ఆయన మాటలన్నీ తెలుస్తూనే ఉన్నాయి. లేవాలనుకుంటే లేవగలను, కానీ లేవాలనిపించలేదు. చేతులు మాత్రం నావి కానంత బరువుగా ఉన్నాయి. ఇది పని చేయలేదని మనసులో అనుకున్నాను. కళ్ళు తెరిచాక పది నిమిషాలైందనుకుంటే గడియారం అంతకు రెండింతలు పైనే చూపించింది. హిప్నాసిస్ అంటే స్పృహ తప్పడం కాదనీ, ఇష్టం లేని పని దానిలో చేయించలేరనీ ఆయన ముందే చెప్పాడు. కొందరు చాలా తేలిగ్గా లోనవుతారు, కొందరు అసలు కారు, ఎక్కువమంది మధ్యలో ఉంటారు. దీన్ని కొలవడానికి 1959లోనే అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక స్కేలు తయారుచేశారట. నేను మధ్యరకం.

ఆ స్థితిలో ఆయన ఏం చెబుతాడో అని నాకు చాలా ఆత్రం. "ఇక మీరు వాయిదా వేయరు" లాంటిదేదో ఉంటుందనుకున్నాను. అలాంటిదేమీ లేదు. బల్ల ముందు నిలబడ్డట్టు, టైలరు చాక్ చేతికి తగిలినట్టు ఊహించుకోమన్నాడు. చాక్ వేళ్ళకు తగలగానే శ్వాస వదులుతారు, భుజాలు కిందికి దిగుతాయి, వీపు మధ్య గీత ఒకటి గీస్తారు, అంతే. కత్తెర ఊసే రాలేదు. గీత చెరిగిపోయేదే కదా, దానికి భయమెందుకు? అదే గీతను వేరువేరు చీరల మీద మళ్ళీ మళ్ళీ గీయించాడు, ఊహలోనే. తర్వాతి వారాల్లో కత్తెర కూడా వచ్చింది. పొరపాటున గీత పక్కకు పోయినట్టు ఊహించి, అక్కడ కుట్టులో మార్జిన్ వదిలి సర్దుకున్నట్టు కూడా చేయించాడు. ఇది నాకు అన్నిటికంటే నచ్చింది. పని తెలిసిన మనిషికి పొరపాటును సర్దుకోవడం కూడా తెలుసు. భయంలో ఆ సంగతే మరిచిపోతాం.

గత జన్మలోకి తీసుకెళ్తారా అని సిగ్గుపడుతూనే అడిగాను, యూట్యూబ్‌లో చూసి. దానికి ఆధారం లేదని తేల్చేశాడు. చిన్నప్పటి సంగతులు తవ్వడం కూడా చేయలేదు. హిప్నాసిస్‌లో గుర్తొచ్చాయనుకున్నవి నిజంగా జరిగినవని నమ్మడానికి లేదట, ఊహ కూడా జ్ఞాపకం వేషం వేసుకుని వస్తుందట. మాస్టర్ మాట గురించి నేనే చెప్పాను, విన్నాడు, అంతటితో వదిలేశాడు.

ఇంకో సంగతి. ఆ మధ్య గోవా టూరు పోయినప్పుడు పణజిలో, మాండవి నది ఒడ్డు వైపు, ఒక నల్లటి విగ్రహం చూశాం. ఒక మనిషి చేతులు చాచి ఉంటాడు, ముందర ఒకామె వెనక్కి వాలిపోతూ ఉంటుంది. ఏదో నాటకంలో సీను అనుకుని ఫొటో దిగాం. అది అబ్బే ఫరియా విగ్రహమని ఈ సైకాలజిస్టు గదిలో తెలిసింది. 1756లో గోవాలోని కాందోలింలో పుట్టి, పారిస్ చేరి, 1813లో అక్కడ జనం ముందు ఈ హిప్నాసిస్‌నే చేసి చూపించాడట. అప్పటిదాకా అందరూ ఇది చేసేవాడిలోని అయస్కాంత శక్తి అనుకునేవాళ్ళు. శక్తి చేసేవాడిది కాదు, చేయించుకునేవాళ్ళ మనసుదే అని చెప్పినవాడు మన దేశంలో పుట్టిన ఈ ఫాదరీ. మత్తుమందులు రాకముందు, 1845లో, బెంగాల్‌లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డెయిల్ అనే డాక్టరు ఈ పద్ధతితో రోగులను మగతలో ఉంచి ఆపరేషన్లు చేశాడని కూడా చెప్పాడు. మా ఆయనకు ఇది చెప్పినప్పుడు మాత్రం నోరు తెరిచాడు. ఫొటో వెతికి తీసి మళ్ళీ చూశాడు.

ఇంట్లో వినడానికి సైకాలజిస్టు తన గొంతుతో ఒక రికార్డింగ్ ఇచ్చాడు. మధ్యాహ్నం కరెంటు పోయే టైములో, తలుపు వేసుకుని వినేదాన్ని. స్కూటీ మీద పోతూ, పొయ్యి మీద ఏదైనా పెట్టి వినకూడదు, అది గట్టిగా చెప్పాడు. దాంతో పాటు ఇంకో చిన్న పని: "ఇది అయిన వెంటనే అది" అని ఒక జత రాసుకోవాలి. నాది ఇలా ఉంది: టిఫిన్ గిన్నెలు కడిగి చేతులు తుడుచుకోగానే, ఒక పట్టు ముక్క బల్ల మీద పరుస్తాను, చాక్ పట్టుకుంటాను. పొద్దున్నే ఎవరూ రాని వేళ అది. ఈ పద్ధతి మీద పీటర్ గాల్విట్జర్ అనే మనస్తత్వవేత్త చేసిన పని చాలా ఉందట. నాకైతే హిప్నాసిస్ ఎంత, ఈ జత ఎంత అని విడదీసి చెప్పడం కుదరదు. చాక్ పట్టుకోగానే ఊపిరి వదలడం ఒంటికి అలవాటైంది, ఆ ఊపిరి ఎక్కడి నుంచి వచ్చినా నాకు ఒకటే.

కానీ కొన్ని వారాల తర్వాత కటింగ్ టైముకు అవుతున్నా, డెలివరీ ఇంకా తప్పుతూనే ఉంది. కోపంగా ఆయన దగ్గరికి పోయాను. బిల్లు బుక్కు తెమ్మన్నాడు. తిరగేసి, ఒక వారంలో నేను ఒప్పుకున్న జాకెట్లు లెక్కబెట్టాడు. మీ రెండు చేతులతో వారానికి ఎన్ని కుడతారు అని అడిగాడు. చెప్పాను. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. శ్రావణ మాసంలో వరలక్ష్మీ వ్రతానికి అందరికీ కావాలి, అందరూ తెలిసినవాళ్ళే, "అక్కా, నువ్వు తప్ప ఎవరు కుడతారు" అంటే కాదనలేను. ఒప్పుకున్న రోజు కస్టమర్ నవ్వుతూ పోతుంది. కుట్టలేని రోజు వస్తుందని తెలిసీ ఆ నవ్వు కోసం ఒప్పుకుంటాను. సగం వాయిదా కత్తెర భయం, మిగతా సగం మొహమాటం. మొహమాటానికి హిప్నాసిస్ ఇవ్వరా అని అడిగితే, "దానికి నోరు చాలు" అన్నాడు.

ఆ నోరు విప్పడమే నాకు మొత్తం వ్యవహారంలో కష్టమైంది. బుక్కులో ఇప్పుడు రెండు గడులు పెట్టాను, కటింగ్ ఏ రోజు, డెలివరీ ఏ రోజు. కటింగ్ గడులు నిండిపోతే ఆ వారానికి ఇక తీసుకోను. మొదటిసారి కాదన్నప్పుడు మా పక్కింటి వదిన మొహం మాడ్చుకుని పోయింది, కొన్నాళ్ళు సరిగ్గా మాట్లాడలేదు కూడా. తర్వాత తనే వచ్చి వచ్చే నెలకు గడి పట్టుకుంది. కొందరు తిరిగి రాలేదు. బొటిక్‌కు పోయిన ఆవిడ కూడా రాలేదు. సంపాదన కొంచెం తగ్గింది, రాత్రి తొమ్మిదింటికి లైటు ఆర్పేస్తున్నాను. మగ్గం వర్కు చేసిన ముక్కలంటే ఇంకా వెనకాడతాను. అవి చివరికే పోతున్నాయి, నిజం.

నన్ను అడుగుతున్నవాళ్ళకు నా సలహా ఇంతే. వాయిదా అలవాటును హిప్నోథెరపీ ఒక్కటే పోగొడుతుందని ఎవరైనా గ్యారంటీ ఇస్తే అక్కడి నుంచి లేచి రండి. నాకు వైద్యం చేసినాయనే చెప్పాడు, నొప్పి, ఆందోళన, పేగుల్లో తరచూ వచ్చే ఐబీఎస్ లాంటివాటికి దీని మీద పరిశోధన బాగా ఉంది, వాయిదాకు అంత లేదు, ఆలోచనా తీరును సరిచేసే సీబీటీకే ఇంకా ఎక్కువ బలముంది అని. ఆయన నాకు చేసిందీ సగం అదే. క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు ఉంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. లేని గొంతులు వినిపించడం, లేనివి కనిపించడం లాంటి జబ్బు ఉన్నవాళ్ళు ముందు సైకియాట్రిస్టును కలవాలి, ఇది వాళ్ళకు తగదు. డబ్బుల సమస్య ఉంటే 14416కు ఫోను చేయండి, అది మనసు సమస్యలకు ప్రభుత్వం వాళ్ళు పెట్టిన ఫోను సాయం, టెలీమానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నేను కట్టిన ఫీజు ఒక్కోసారికి ఒక మాదిరి మగ్గం వర్కు జాకెట్టు కూలి అంత.

మా ఆయన ఈ మధ్య తన సిగరెట్లు మాన్పించడానికి సైకాలజిస్టును అడగమని నాతో అన్నాడు. అడిగాను. సిగరెట్లకు హిప్నాసిస్ మిగతా పద్ధతుల కంటే మెరుగని తేలలేదట, అయినా మాట్లాడొచ్చు, కానీ ఆయనంతట ఆయనే రావాలి, మీరు అపాయింట్‌మెంట్ తీసి పట్టుకొస్తే కుదరదు అన్నాడు. ఇంటికొచ్చి అదే చెప్పాను. "శ్రావణం పోనీలే, పోదాం" అన్నాడు. నేనేమీ అనలేదు. క్లినిక్ నంబరు కాగితం ఫ్రిజ్ మీద అంటించి, నా పని చూసుకుంటున్నాను.